మూడో మాట కోసం తగాదా

మా గుడిలో మంచి శుక్రవారం ఆరాధన మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి మొదలై మూడింటికి ముగుస్తుంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడతారు. ఇందులో తగాదా ఎక్కడుందో బయటివాళ్ళకి తెలియదు. ఉన్నవి ఏడు మాటలు, మావి యాభై గడపలు. ఎవరికే మాట ఇవ్వాలన్న దగ్గరే ఉంది అసలు గొడవంతా. మొదటిది, తనను చంపేవాళ్ళని క్షమించమని ప్రభువు వేడుకున్న మాట. దాన్ని మా సంఘపెద్ద ఎవరికీ వదిలేవాడు కాదు. ఒక ఏడు దాన్ని ఇంకొకరికి ఇచ్చారని అలిగి మూడు నెలలు గుడి మెట్టెక్కలేదు. క్షమాపణ మాట కోసం అలక! నవ్వొస్తే నవ్వండి. నేను చేసింది అంతకంటే ఘోరం. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మూడో మాట ఆడవాళ్ళది. ప్రభువు తన తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట. ఏళ్ళ తరబడి దాన్ని నా తోడికోడలే మాట్లాడేది. నా భర్త అన్నగారి భార్య, నాకు అక్క. చీరాలలో హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివింది. మాట మెత్తగా ఉంటుంది, నవ్వుతూనే గుచ్చుతుంది. నా పుట్టిల్లు పిడుగురాళ్ల పక్కన. సున్నపు బట్టీల దగ్గర రాయి మోస్తూ పెరిగాను. బడి ముఖం చూడలేదు. నాకు గట్టిగా అరవడం వచ్చు కనక, ఈ ఊరు కాపరానికొచ్చాక మిరపకోతల ముఠాకి మేస్త్రీనయ్యాను. ఇరవై నాలుగు మంది ఆడవాళ్ళు నా మాట మీద చేలోకి దిగేవాళ్ళు. అక్క కూడా ఆ ముఠాలోనే. సాలుకి అటొకరు ఇటొకరు నిలబడి కాయ కోస్తాం. పదిహేనేళ్ళు నాకు ఎదురు నిలబడింది అక్కే.

మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే. మా అత్త నెలకొక ఇంట్లో తినేది. నెల మారడమంటే ఆవిడ మంచం గోడకి ఇటు నుంచి అటు జరగడం, అంతే. అక్కకి పిల్లలు లేరు. నాకు ఇద్దరు కూతుళ్ళు. ఇద్దరూ అక్క చేతి ముద్ద తిని పెరిగినవాళ్ళే. నేను కోతలకి పొరుగూళ్ళు వెళితే వాళ్ళ జడలూ, జ్వరాలూ, అన్నీ అక్కవే.

నాకు అక్షరాలు నేర్పింది కూడా అక్కే. తొంభైల చివర్లో సంగతి. నలభై దాటిన నేను ఒకరోజు కల్లంలో కాయ ఏరుతూ, "అక్కా, నా పేరు ఎలా ఉంటుందే చూడ్డానికి?" అన్నాను. కల్లమంటే మేం మిరపకాయ ఆరబోసే చోటు. అక్క పలకా బలపం వెతకలేదు. ఎండిన కాయ కాస్త వంగి ఉంటుంది కదా, రెండు కాయలు ఎదురెదురుగా పెట్టి సున్నా చేసింది. దాని మీద రెండు తొడిమలు తలకట్టుగా పెట్టి, "ఇదీ ర" అంది. ఆ వేసవిలో రంగు పోయాయని ఏరేసిన తాలుకాయలతోనే అక్షరాలన్నీ పెట్టించింది. తప్పు పెడితే కాలితో చెరిపేసేది. రెండేళ్ళకి నేను కూడబలుక్కుని వాక్యం చదివే దాకా వచ్చాను. వచ్చేసరికి నాకు కళ్ళు నెత్తికెక్కాయి. చదువు వచ్చినందుకు కాదు, వచ్చినట్టు నలుగురికీ తెలియాలని.

ఈస్టరుకి ముందొచ్చే నలభై శ్రమదినాలు మొదలవడానికి ముందు ఆదివారం ఆరాధన అయ్యాక, మా పాస్టరుగారు కాగితం తీసి ఏడు మాటలూ పంచుతున్నారు. మేం ఆయన్ని అయ్యగారంటాం. ఐదూళ్ళకి ఆయనొక్కరే. నెలలో మొదటి ఆదివారమూ, పండగలకీ మా ఊరొచ్చి రొట్టె, ద్రాక్షరసం సంస్కారం ఇచ్చేవారు. మిగతా ఆదివారాలు మా పెద్దలే నడుపుకునేవాళ్ళు.

మూడో మాట దగ్గరకి రాగానే నేను లేచాను. "అయ్యగారూ, ఈ ఏడు మూడో మాట నాకివ్వండి."

ఆయన అక్క వైపు చూశారు. అక్క నవ్వింది.

"ఇవ్వండి అయ్యగారూ. కాకపోతే పన్నెండింటికి వద్దు, పొద్దున ఏడింటికే ఆరాధన మొదలుపెట్టండి. ఇది ఆ ఒక్క వచనం కూడబలుక్కునేసరికి మూడవుతుంది."

చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నా ముఠావాళ్ళు కూడా నవ్వారు. అదే నాకు మండింది.

"నాకు చదువు రాదు, సరే. ఇద్దర్ని కన్నాను," అన్నాను. "కడుపు పండనిదానికి తల్లి మాట ఎందుకే?"

అంతే. నా చిన్నకూతురు అప్పుడు అక్క ఒళ్ళోనే తల పెట్టుకుని ఉంది. అక్క దాని తల మెల్లిగా చాప మీదికి దించి, లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. అయ్యగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఈ ఏడు మూడో మాట మీ ఇద్దరికీ లేదమ్మా. మా ఇంట్లో ఆవిడ మాట్లాడుతుంది," అన్నారు.

అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. అన్నది నేనే, అలిగిందీ నేనే. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశారని, మాట ఇవ్వకుండా పంపారని, నా వైపు వచ్చేవాళ్ళని లెక్కేసుకుని, మా వాకిట్లో తాటాకు పందిరి వేయించాను. పిడుగురాళ్ల నుంచి బండి మీద ఒక కుర్రబోధకుడు వచ్చేవాడు. మైకు, కీబోర్డు, అన్నీ తెచ్చేవాడు. మంచివాడే, మా గొడవ ఆయనకేం తెలుసు? పద్దెనిమిది గడపలు నా పందిట్లోకి వచ్చాయి. నేను మైకు గొట్టాన్ని గుడి కిటికీ వైపు తిప్పి కట్టించాను. వాళ్ళు ఊరుకుంటారా? గుడి మీద గొట్టం మా పందిరి వైపు తిప్పారు. ఆదివారం పొద్దున మా పల్లెలో దేవుడికి కూడా ఏ పాటా తెలిసేది కాదు.

ఈస్టరు నాడు మొదటి దెబ్బ తగిలింది. మా అత్త ఆ నెల అక్కింట్లో ఉంది. గుడికి వెళ్ళి మోకాళ్ళూనింది. అయ్యగారు రొట్టె ముక్క ఇవ్వబోతే నోరు తెరవలేదు. గిన్నె పట్టుకుని వస్తే తల పక్కకి తిప్పుకుంది. ఆయన నిర్ఘాంతపోయారట. బాప్తిస్మం పొందిన నాటి నుంచి ఆవిడ ఒక్క సంస్కారం తప్పలేదు. పురిట్లో ఉన్న నెలలు తప్ప. అక్క వైపు తినడం ఇష్టంలేక వద్దంది కాబోలనుకుని, మరుసటి ఆదివారం నేను అత్తని పందిట్లోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. మా బోధకుడి చేతి రొట్టె కూడా ముట్టలేదు.

ఇంటికొచ్చాక, "ఏంటత్తా ఇది?" అని అరిచాను.

అత్త మంచం మీద కూర్చుని తాపీగా చెప్పింది. "నా చిన్నప్పుడు ఊళ్ళోకి మంచినీళ్ళకి పోతే, గిన్నె తగలకుండా పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళే. ఒకే గిన్నె అందరి నోటికీ అందించింది ఈ ప్రభువు బల్ల ఒక్కటే. దాన్ని మీరు రెండు చేశారు. నాకటొకరు ఇటొకరు మీరిద్దరూ కూర్చున్న రోజు తింటాను. లేదంటే తినకుండానే పోతాను."

"నువ్వు తినకుండా పోతే ఆ పాపం నాదా?"

"సగం నీది, సగం దానిది. పంచుకోండి. పంచుకోవడం మీకు బాగానే వచ్చుగా."

నెలకొకసారి అయ్యగారు వచ్చేవారు, నెలకొకసారి అత్త మోకాళ్ళూనేది, నోరు మూసుకునేది. మానేస్తే ఎవరికీ బాధ ఉండదు. వెళ్ళి మరీ వద్దనేది. వానాకాలానికి ఆవిడకి ఆయాసం పట్టుకుంది. పత్తి తీతల నాటికి ఒక కంటికి పొర కమ్మింది. పక్కింటివాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గించుకునేవాళ్ళు. ముసలమ్మ సంస్కారం లేకుండా పోతే ఊళ్ళో తలెత్తుకోగలనా అని ముందు భయపడ్డాను. పరువు భయమే అది. ఆవిడ గుడి నుంచి ఉపవాసంతోనే తిరిగొచ్చి, అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా ఊరికే చూస్తూ ఉండటం మొదలయ్యాక పరువు సంగతి మర్చిపోయాను. ఆవిడకి ఆ రొట్టె కావాలి. ఎంత కావాలో అప్పుడు చూశాను. అడ్డం నేను.

ఈలోగా ముఠా కూడా రెండైంది. చేలో మేం చేసిన పని చెబితే ఇప్పటికీ ఆ చేను ఆసామి నవ్వుతాడు. నావాళ్ళు తూర్పు గట్టు నుంచి కోత మొదలుపెట్టేవాళ్ళు, అక్కవాళ్ళు పడమటి గట్టు నుంచి. నడుమ నాలుగు సాళ్ళు మిగిలేవి. వాటిల్లోకి దిగితే ఎదురెదురు నిలబడాలి కదా, ఎవరూ దిగేవాళ్ళు కాదు. కాయ పండి, ముదిరి, రాలిపోతూ ఉండేది. ఒకరోజు ఆసామి గట్టు మీద నిలబడి కేకేశాడు.

"ఏమే మేస్త్రీ! ఆ నాలుగు సాళ్ళూ ఎవరికి వదిలారే?"

"వాళ్ళు కోస్తారులే బాబూ."

"వాళ్ళనడిగితే మీరు కోస్తారంటున్నారు. మీ గుళ్ళో తగాదాకి నా కాయ రాలిపోవాలా? మీ పాస్టరుని పిలిచి చేలో కూడా గోడ కట్టించుకోండి!"

రెండు గట్ల మీదా ఆడవాళ్ళు తలలు దించుకుని నవ్వారు. అక్క కూడా నవ్వడం చూశాను. చాలా నెలలకి చూశాను ఆ నవ్వు. నేను చూడగానే ముఖం తిప్పుకుంది.

పందిట్లో నా సంఘం ఏడాది నిండకుండానే చీలింది. కుర్చీలు తెచ్చినతను ముందు వరసలో తనవాళ్ళే కూర్చోవాలన్నాడు. పాటలు పాడేవాళ్ళలో ఇద్దరు మైకు కోసం ప్రార్థన మధ్యలోనే గుంజుకున్నారు. వాళ్ళని తిట్టడానికి లేచి, ఆగిపోయాను. మాట పడనివాళ్ళనందరినీ ఏరి ఏరి ఒకచోట కూర్చోబెట్టింది నేను. వాళ్ళు ఇంకెలా ఉంటారు?

రాజీకి నేను చేసిన మొదటి ప్రయత్నం చింతచిగురు పప్పు. అక్కకి ప్రాణం. గిన్నెడు వండి గోడ మీద పెట్టాను. మాలో గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. నాలుగు పచ్చిమిరపకాయలైనా, చారెడు ఉప్పైనా వేసి పంపుతారు. సాయంత్రానికి నా గిన్నె తళతళా తోమి, ఉత్తదే, గోడ మీద ఉంది.

"క్షమించమని అడగలేకపోయావా?" అన్నాడు నా భర్త.

"అడిగానుగా, పప్పు పంపాను."

"పప్పు మాట్లాడుతుందా?"

మంచం మీద నుంచి అత్త అందుకుంది. "ఆ మాట ఎక్కడన్నావే నువ్వు?"

"గుళ్ళో."

"ఎంతమంది ముందు?"

నేను గిన్నె తీసుకుని లోపలికి పోబోయాను.

"మరి గోడ మీద గిన్నె పెడితే అది వెనక్కొస్తుందా? అన్నచోటే తీసుకోవాలి. నీకు నోరు ఉందిగా, మేస్త్రీవి."

మిరపకోతలు సాగుతుండగానే మళ్ళీ శ్రమదినాలొచ్చాయి. అయ్యగారు అత్తని చూడడానికి ఇంటికొచ్చారు. నేను పొయ్యి దగ్గరున్నాను. ఆయన మెల్లిగా చెబుతున్నారు. "మూడో మాట మళ్ళీ మీ పెద్దకోడలికే ఇచ్చానమ్మా. వద్దంది. ఎంత చెప్పినా వినలేదు. 'ఆ మాటకి నేను తగను, అందరి ముందూ తేలిపోయింది' అంటుంది. ఇంకెవరికీ ఇవ్వడానికి నాకు మనసు రాలేదు. ఆ మాట వచ్చినప్పుడు ఊరికే మౌనంగా కూర్చుంటాం."

పొయ్యిలో పుల్ల తోస్తున్నదాన్ని తోస్తూనే ఉన్నాను. ఏడాదిగా అక్కకి కోపం అనుకుంటున్నాను. కోపమైతే నాకు తెలుసు, దాంతో పోట్లాడగలను. ఆవిడ నా మాట నమ్మింది. అది నేనెప్పుడూ ఊహించలేదు.

మంచి శుక్రవారం నాడు అత్త నన్నే చెయ్యి పట్టుకుని గుడికి నడిపించమంది. ఆ నెల మా ఇంటి వంతు. గుమ్మం దగ్గర వదిలేసి వచ్చేద్దామనుకున్నాను. ఆవిడ చెయ్యి వదల్లేదు. ఎముకలే తప్ప కండ లేని చెయ్యి, ఉడుంపట్టు. చేసేది లేక వెనక చాప మీద కూలబడ్డాను. ఏడాది తర్వాత ఆ గుళ్ళో కూర్చోవడం. ఎవరూ తిరిగి చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో వాళ్ళ మెడలు చూస్తే తెలుస్తుంది. నాకు నాలుగు వరసల ముందు అక్క తెల్లచీర, నెరిసిన ముడి.

సంఘపెద్ద క్షమాపణ మాట మీద ముప్పావు గంట లాగాడు. రెండో మాట అయింది. అయ్యగారు లేచి, "మూడో మాట," అని ఆగారు. పైన ఫ్యాను కిర్రుమంటోంది.

అత్త నా చెయ్యి వదిలేసింది. పొమ్మనలేదు, చూడనూ లేదు. వదిలేసింది, అంతే.

లేచి వెళ్ళాను. అయ్యగారు పక్కకి జరిగి వాక్యం ఉన్న పేజీ చూపించారు. చదివాను. కూడబలుక్కునే చదివాను, మధ్యలో ఒకచోట రెండుసార్లు తడబడ్డాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పుస్తకం మూసి తలెత్తితే అక్క నేల చూస్తోంది.

"పోయిన ఏడు ఈ గుళ్ళో నేనొక మాటన్నాను," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. చేలో మూల నుంచి మూలకి కేకేసే గొంతు అది.

అక్క తలెత్తింది. "గట్టిగా చెప్పవే. వెనకవాళ్ళకి వినపడటంలేదు."

కొంతమంది ఉలిక్కిపడ్డారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అక్క నాతో మాట్లాడింది.

"పోయిన ఏడు ఇక్కడే మా అక్కని కడుపు పండనిదానివన్నాను!" ఈసారి అరిచినట్టే చెప్పాను. "అది అబద్ధం. నా పిల్లలు 'అమ్మా' అని ముందు పిలిచింది అక్కనే. నేను కోత నుంచి వచ్చేసరికి నిద్రపోయేవాళ్ళు, నన్నెప్పుడు పిలుస్తారు? పెద్దదానికి అమ్మవారు పోస్తే పదకొండు రోజులు పక్కన కూర్చుంది అక్క. నేను ఆ పదకొండు రోజులూ పొరుగూళ్ళో ఉన్నాను. ప్రభువు తన తల్లిని, ఆవిడ కనని కొడుక్కి అప్పగించాడు. నేను కన్నవాళ్ళని అక్కకి అప్పగించాను. ఈ మాట ఆవిడది. నేను లాక్కున్నాను. నాకు చదువొచ్చిందని చూపించుకోవడానికి లాక్కున్నాను. ఆ చదువూ ఆవిడ పెట్టిందే."

ఇంకా ఏదో చెప్పాలి. రాలేదు. ఎలా ముగించాలో తెలియక నిలబడిపోయాను.

"అయిపోయిందా?" అంది అక్క.

"అయిపోయింది."

అక్క లేచి నిలబడింది. నాతో కాదు, అయ్యగారితో చెప్పింది. "అయ్యగారూ, ముందు నవ్వించింది నేను. చదువు నేర్పినదాన్ని నేనే ఆ చదువుని ఎగతాళి చేశాను. అది నాకూ తెలుసు. ఏడాది నుంచీ తెలుసు. దీనికి చెప్పడానికి నోరు రాలేదు." చెప్పి కూర్చుంది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుని, "నాలుగో మాట," అన్నారు. నాలుగో మాట మాట్లాడాల్సినతను లేచి, రాసుకొచ్చిన కాగితం అటూ ఇటూ తిప్పి, "పాట పాడదాం అయ్యగారూ," అని కూర్చున్నాడు.

తర్వాత అందరూ గుడికి తిరిగొచ్చారని రాస్తే అబద్ధమవుతుంది. ఐదారు గడపలు ఆ కుర్రబోధకుడి దగ్గరే ఉండిపోయాయి. ఈ రోజుకీ వేరేగానే ప్రార్థన చేసుకుంటారు. వాళ్ళని తప్పు పట్టే ముఖం నాకు లేదు, విడదీసింది నేనే కనక. మైకు గొట్టాలు మాత్రం రెండువైపులా దించేశాం. ఆసామి చేలో ఆ నాలుగు సాళ్ళకీ అక్కా నేనూ దిగి కోశాం. రెండు గంటలు ఎదురెదురు నిలబడి ఒక్క మాట మాట్లాడుకోలేదు. మొదలుపెట్టడం ఎలాగో ఇద్దరికీ తెలియలేదు. చివరికి "చెయ్యి మండుతోందా?" అంది. "నీకు మండట్లా?" అన్నాను. అంతే, మామూలైపోయాం.

అది జరిగింది ఈస్టరు తర్వాత. ఈస్టరు నాడు జరిగింది ఇది.

అత్తకి ఉతికిన తెల్లచీర కట్టి ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని గుడికి తీసుకెళ్ళాం. దారిలో మా ఇద్దరి మధ్యా మాటల్లేవు, ఆవిడే మాట్లాడుతోంది. మెట్టుందని ఒకర్ని, తొందరెందుకని ఒకర్ని కసురుతోంది. బల్ల ముందు ముగ్గురం మోకాళ్ళూనాం. ఆవిడకి అటు అక్క, ఇటు నేను. పొర కమ్మిన కన్నుతో నన్ను, బాగున్న కన్నుతో అక్కని చూసి, ఇద్దరం ఉన్నామని చేత్తో తడిమి మరీ నిర్ధారణ చేసుకుంది.

అయ్యగారు పళ్ళెం తెచ్చి ఆవిడ ముందు ఆగారు. రొట్టె ముక్క తీశారు.

అత్త ఆ ముక్క చూసింది. "ఏడాది పస్తున్నాను అయ్యగారూ. ఇంకాస్త పెద్దది పెట్టండి."

గుళ్ళో నవ్వు. అయ్యగారు కూడా నవ్వాపుకోలేక, ఆ ముక్క పళ్ళెంలో పెట్టి, పెద్దది తుంచి ఆవిడ నోట్లో పెట్టారు. పళ్ళు లేవు కదా, నములుతూనే ఉంది. మా వంతు రావాలంటే ఆవిడది కావాలి. వెనక జనం ఆగారు, గిన్నె ఆగింది. నా మోకాళ్ళు పట్టేశాయి. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకుని, ఎవరికీ ఏ తొందరా లేనట్టు, ఆ ముక్కని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి తిప్పుకుంటోంది.

"ఏమే," అంది అక్క, అత్త వీపు వెనక నుంచి గుసగుసగా. "నీ మోకాలు నా కొంగు మీద ఉంది. తియ్యి."

"ఉండనీ," అన్నాను.